కల్లంలోనే తూర్పారబట్టండి: పరిశోధకులకు, గైడ్లకు బహిరంగ లేఖ

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో పరిశోధన చేస్తున్న స్కాలర్లకు, వారి గైడ్ సార్లకు, మేడమ్‌లకు, విశ్వవిద్యాలయాల పరిశోధన విభాగాల అధికారులకు,

నమస్కారం.

వడ్లను ఎవరైనా కల్లంలోనే తూర్పారబడతారు. తాలు, పొల్లు, మట్టిబెడ్డలు కలిపి గుమ్మిలో పోసి ఎండాకాలంలో తీరిగ్గా ఏరుకుందామనే రైతు మన వైపు కనిపించడు. పరిశోధన డేటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం అదే చేస్తున్నాం. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్‌లో వచ్చిందల్లా పోస్తాం. థీసిస్ సబ్మిట్ చేసే నెలలో ఏరడం మొదలుపెడతాం. అప్పటికి ఏది గింజో ఏది పొల్లో పోసినవాళ్లకే గుర్తుండదు.

డిస్కులు చవకే కదా, ఉండనిద్దాం అనుకోవచ్చు. కానీ వైవాలో ఎగ్జామినర్ ‘నాలుగో అధ్యాయం మూడో పట్టికలో ఈ అంకె ఎక్కడిది?’ అని అడిగితే ఆ ఒక్క ఫైలు తీసి చూపించగలగాలి. పనికిరాని ఫైళ్లు ఆ ఒక్క ఫైలును కప్పేస్తాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ప్రశ్నకు మా దగ్గరున్న కొలబద్ద ఇదొక్కటే: ఆ అంకె ఎక్కడిదో చూపించడానికి ఈ ఫైలు కావాలా, అక్కర్లేదా?

మన ప్రాంతంలో తరచూ జరిగే పని నుంచే మొదలుపెడదాం. మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే పరిశోధన తీసుకోండి. రెండు వందల బోర్లు, ఒక్కో నమూనాకు ఇరవై కొలతలు అనుకుందాం. మొత్తం నాలుగు వేల అంకెలు. కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, అంటే సీఎస్‌వీగా దాస్తే నలభై కిలోబైట్లకు అటూ ఇటూ. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో నాలుగు మెగాబైట్లు ఉంటుంది, అంటే ఆ పరిశోధన అంకెలన్నిటికీ వంద రెట్లు. ప్రతి బోరుకు మూడు ఫొటోలు, మీటరు మీది ప్రతి రీడింగుకు ఒకటి, అవే వాట్సాప్‌లో గ్రూపుకు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు, ఆపైన డ్రైవ్‌కు. ఇలా ఒకే ఫొటో నాలుగు చోట్ల చేరుతుంది.

ఇందులో అసలు నష్టం వేరే చోట ఉంది. ఫోన్ నిండగానే స్కాలరు గ్యాలరీలోని ఒరిజినల్ చెరిపేసి ‘వాట్సాప్‌లో ఉందిలే’ అనుకుంటారు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గడమే కాదు, ఫొటోలో దాగి ఉండే అక్షాంశ రేఖాంశాలు, తీసిన సమయం కూడా ఊడిపోతాయి. చెరిపింది గింజను, దాచింది పొల్లును. ఫొటో నిజంగా అవసరమైతే ఒరిజినల్ ఉంచి వాట్సాప్ కాపీని తీసేయండి. పంపక తప్పదంటే డాక్యుమెంటుగా పంపండి. అంతకంటే మేలు, బోరు అక్షాంశ రేఖాంశాలను డెసిమల్ డిగ్రీల్లో ఐదు స్థానాల వరకు పట్టికలోనే రాసేయడం. ఐదో స్థానం అంటే సుమారు ఒక మీటరు, బోరును గుర్తుపట్టడానికి అది చాలు.

మరి ఈ పనిలో తప్పకుండా ఉండాల్సింది ఏమిటి? కాలిబ్రేషన్ షీటు. ఎక్కువగా కనిపించకుండా పోయేదీ అదే. ఫ్లోరైడ్ కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ మనకు ఇచ్చేది మిల్లీవోల్టులు. స్టాండర్డ్ ద్రావణాలతో గీసిన గీతను బట్టి వాటిని మిల్లీగ్రాములుగా మారుస్తాం. 25 డిగ్రీల దగ్గర గాఢత పది రెట్లు మారితే ఎలక్ట్రోడ్ 59 మిల్లీవోల్టుల దాకా మారాలి. అంటే 2 మిల్లీవోల్టుల తేడా వచ్చినా జవాబు దాదాపు 8 శాతం మారుతుంది. లీటరుకు 1.45 మిల్లీగ్రాములు కాస్తా 1.57 అవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు, వేరే నీటి వనరు లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి ఆ 2 మిల్లీవోల్టుల మీదే ఒక ఊరి బోరు ‘తాగొచ్చు’లో ఉంటుందా ‘తాగొద్దు’లో ఉంటుందా అన్నది తేలుతుంది. ఆ రోజు వాడిన స్టాండర్డ్ ద్రావణాలు, వాటి మిల్లీవోల్టులు, గీత స్లోపు, ఉష్ణోగ్రత, బ్లాంకు (ఫ్లోరైడ్ లేని నీటి) రీడింగు, రెండోసారి కొలిచిన నమూనాల నంబర్లు అన్నీ పది వరుసల్లో సరిపోతాయి. మీటరు తెర ఫొటోలు మూడు వందలు ఉన్నా ఈ పది వరుసలు లేకపోతే పట్టికను సమర్థించలేరు. ఈ పది వరుసలు ఉంటే ఆ మూడు వందలూ అక్కర్లేదు.

సర్వేలు చేసేవారు ఫారం తయారు చేసే రోజే సగం పని ముగించవచ్చు. ఫోన్‌లో సర్వే చేయడానికి వాడే ఓడీకేలోనో కోబోలోనో ఫారం రాసేటప్పుడు ఫొటో ప్రశ్న దగ్గర పారామీటర్ల గడిలో గరిష్ఠ పిక్సెళ్లు 1024 అని పెట్టండి. నాలుగు మెగాబైట్ల ఫొటో రెండు మూడు వందల కిలోబైట్లకు దిగుతుంది, రేషన్ కార్డు మీది అక్షరాలు అప్పటికీ చదవొచ్చు. ఓడీకేలో ఆడియోకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మామూలు నాణ్యతలో గంటకు సుమారు 30 మెగాబైట్లు, కేవలం మాట కోసం ఉన్న స్థాయిలో 5 మెగాబైట్లు. అసలు ఈ ఫొటో ఎందుకు అని కూడా అడగండి. ‘సాక్ష్యానికి’ అన్నది జవాబైతే ఇరవై ఇళ్లకు ఒకటి చాలు.

అన్ని ఆడియోలకూ ఇదే సూత్రం పెట్టకండి. పాలమూరు వలస కూలీలతో ఇంటర్వ్యూలు చేసి, మాటల్ని రాసుకుని విషయం విశ్లేషించేవారికి తక్కువ నాణ్యత చాలు. అదే పాలమూరు యాసలో దీర్ఘాలు, ఒత్తులు కొలిచే భాషాశాస్త్ర స్కాలరైతే ఎంపీ3గా మార్చడమే తప్పు. ఆ కుదింపులో పోయేది వాళ్లు కొలవాల్సినదే కావచ్చు. వాళ్లు కుదింపు లేని డబ్ల్యూఏవీలోనే రికార్డు చేయాలి, అయితే మోనోలో, అంటే ఒకే చానెల్‌లో. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో గంటకు 115 మెగాబైట్లే. రికార్డరు అలవాటుగా తీసే 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో ఆరు వందలు దాటుతుంది. ఒకే మైకుతో ఒకే మనిషిని రికార్డు చేసినప్పుడు రెండో చానెల్‌లో ఉండేది మొదటిదాని నకలే.

ఇంటర్వ్యూ ఫైళ్ల విషయంలో ఇంకో మాట. పేరు, ఫోన్ నంబరు, ఊరు ఉన్న పట్టికను, జవాబుల పట్టికను మొదటి రోజు నుంచే వేరు చేయండి. మధ్యలో ఒక కోడ్ నంబరు చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి తర్వాత, ముందు మీ సమ్మతి పత్రంలో ‘రికార్డింగు ఫలానా దాకా ఉంచుతాం’ అని రాసిన గడువు చూసుకోండి. ఆ మాట మీద మీరే సంతకం పెట్టించారు. గడువు అయ్యాక ఉంచుకుంటే అది జాగ్రత్త అనిపించుకోదు, మాట తప్పడం అవుతుంది.

ఇప్పుడు అడవిలోకి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లాంటి చోట జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాపులు పెట్టేవారి డిస్కులే అందరికంటే ముందు నిండుతాయి. చెట్టుకు కట్టిన కెమెరా ముందు ఎండకు వేడెక్కిన గడ్డి ఊగినా సెన్సరు జంతువే అనుకుంటుంది. ఒక్కసారి మీటితే మూడు ఫ్రేములు. అలా కార్డు నిండా ఖాళీ గడ్డి. వీటిని తీసేయాల్సిందే, కాకపోతే వరుస తప్పకూడదు. ముందుగా కార్డును యథాతథంగా డిస్కులోకి ఎక్కించి రెండూ ఒకటేనని సరిచూడాలి. ఆ తర్వాత మెగాడిటెక్టర్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో జల్లెడ పట్టాలి. అది ఫొటోలో జంతువు, మనిషి, వాహనం ఉన్నాయేమో చూసి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక నమ్మకపు అంకె ఇస్తుంది. 0.2 కంటే తక్కువ వచ్చినవన్నీ ఖాళీ అని తీర్మానించేముందు వాటిలోంచి ఐదు వందలు యాదృచ్ఛికంగా తీసి కళ్లతో చూడండి. రాత్రి ఫొటోల్లో కుందేలు, ముంగిస, నేలమీది పక్షి తప్పించుకుంటాయి. ఒక్కటి దొరికినా హద్దు ఇంకా కిందికి దించాలి.

అందరూ జారేది ఇక్కడ కాదు, దీని తర్వాతి మెట్టు దగ్గర. ఖాళీ ఫ్రేములు చెరిపేసిన వెంటనే కెమెరా ఎన్ని రోజులు పనిచేసిందన్న సాక్ష్యం కూడా వాటితోనే పోతుంది. నలభై కెమెరాలు ముప్పై రాత్రులు అంటే 1200 ట్రాప్ నైట్లు (కెమెరాలు పనిచేసిన రాత్రులు) అని రాసేస్తారు. కానీ వాటిలో పది కెమెరాలకు పన్నెండో రోజునే బ్యాటరీ అయిపోయిందనుకోండి. అప్పుడు ఉన్నవి 1020 రాత్రులే. అరవై సార్లు దుప్పి కనిపిస్తే వంద రాత్రులకు లెక్క 5.0 కాదు, 5.9. బ్యాటరీ ఎప్పుడు పోయిందో చెప్పేది ఆఖరి ఫ్రేము, అది ఖాళీ గడ్డి ఫ్రేమే కావచ్చు. అందుకని చెరిపేముందు ప్రతి కెమెరాకు పెట్టిన తేదీ, తీసిన తేదీ, మొదటి ఫ్రేము సమయం, ఆఖరి ఫ్రేము సమయం ఒక పట్టికలో ఎక్కించండి. కెమెరాలో టైమ్‌లాప్స్ ఉంటే రోజుకొకటి, మధ్యాహ్నం పన్నెండుకు తీసేలా పెట్టి ఆ ఫ్రేములు ఉంచండి. చారల్ని బట్టి గుర్తుపట్టే పులి ఫొటోలు ఒరిజినల్ గానే ఉండాలి, రెండు పక్కలవీ. ఇక మనుషులు పడ్డ ఫ్రేములు. ఫలసాయానికి అడవిలో తిరిగే చెంచుల ముఖాలు మీ పరిశోధనకు అక్కర్లేదు. లెక్క రాసుకుని అదే వారం తీసేయండి. ఆ ఫొటోలు షేర్డ్ ఫోల్డరులోకి ఒక్క పూట కూడా వెళ్లకూడదు.

కెమిస్ట్రీ, ఫార్మసీ స్కాలర్ల దగ్గర ప్రోటీన్ల లాంటివి ఎలా కదులుతాయో కంప్యూటర్లో లెక్కగట్టే మాలిక్యులర్ డైనమిక్స్ ఫైళ్లు ఇంకో పెద్ద కుప్ప. లెక్క చూడండి. యాభై వేల పరమాణువుల వ్యవస్థ, ఈ పనికి వాడే గ్రోమాక్స్ ప్రోగ్రాములో 100 నానోసెకన్ల రన్. ప్రతి పికోసెకనుకు (నానోసెకనులో వెయ్యో వంతు) టీఆర్ఆర్ ఫైలులో స్థానాలు, వేగాలు రెండూ రాయమంటే ఒక్కో పరమాణువుకు ఆరు అంకెలు, 24 బైట్లు. ఒక ఫ్రేము 1.2 మెగాబైట్లు, లక్ష ఫ్రేములకు 120 గిగాబైట్లు. అదే రన్‌ను పది పికోసెకన్లకోసారి, కుదించిన ఎక్స్‌టీసీలో రాయిస్తే రెండు మూడు గిగాబైట్లలో అయిపోతుంది. ప్రోటీన్ ఎంత కదిలింది, మందు లాంటి చిన్న అణువు (లిగాండ్) దానికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవాటికి అంతకు మించి అవసరం లేదు. పాత ట్యుటోరియల్‌లోని సెట్టింగుల ఫైలును చదవకుండా వాడుకోవడమే ఈ కుప్పకు కారణం. రన్ అయిపోయాక నీళ్ల అణువులు తీసేసి ఇంకా తగ్గించవచ్చు, కానీ నీటి వంతెనల గురించి పేపరు రాస్తున్నట్టయితే వాటి మీద చేయి వేయకండి.

ఉంచాల్సినవి: సెట్టింగుల ఫైలు, టోపాలజీ (ఏ పరమాణువు దేనితో కలిసి ఉందో చెప్పే ఫైలు), టీపీఆర్ (రన్ మొదలుపెట్టే ఫైలు), ఆఖరి చెక్‌పాయింట్ (రన్ ఆగిన చోటి స్థితి), ఎనర్జీ ఫైలు, ప్రోగ్రాము వెర్షను నంబరు. వీటన్నిటితో మళ్లీ నడిపించుకోవచ్చు. అయితే మళ్లీ నడిపితే అడుగు అడుగుకూ అదే దారి రాదు, సగటులు మాత్రం కలవాలి. కాబట్టి పేపరులో బొమ్మ వేసిన ఫ్రేములను విడిగా దాచండి.

ఉపగ్రహ చిత్రాల గురించి క్లుప్తంగా. సెంటినెల్-2 ఒకే చోటికి ఐదు రోజులకోసారి వస్తుంది, ఏడాదికి 73 చిత్రాలు, ఒక్కోటీ గిగాబైటుకు దగ్గర. నాగార్జునసాగర్ ఆయకట్టులో వరి పచ్చదనం చూడటానికి పదమూడు బ్యాండ్లలో రెండే కావాలి, ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్. వానాకాలంలో సగానికి సగం మబ్బులే. దించుకోకముందే మబ్బు శాతంతో వడపోయండి, పని అయ్యాక అసలు చిత్రాలు తీసేయండి. అవి ఐరోపా ఉపగ్రహ కార్యక్రమం కోపర్నికస్ సైటులో ఉంటాయి, మీరు కాపలా కాయనక్కర్లేదు. కానీ ఫైలు పూర్తి పేరు మాత్రం, చిత్రాన్ని ఏ పద్ధతిలో తయారు చేశారో చెప్పే ప్రాసెసింగ్ బేస్‌లైన్ నంబరుతో సహా రాసి పెట్టుకోండి. 2022 జనవరి 25 నుంచి వచ్చిన 04.00 బేస్‌లైన్‌లో విలువలకు 1000 కలుపుతున్నారు, లెక్కలో దాన్ని తీసేయాలి. పాత చిత్రాలను కూడా తర్వాత కొత్త పద్ధతిలో మళ్లీ తయారు చేశారు. ఆ నంబరు లేకుండా రెండేళ్ల తర్వాత మళ్లీ దించుకుంటే పచ్చదనం సూచిక ఎన్‌డీవీఐ వేరుగా వచ్చి, తప్పు ఎక్కడుందో తెలియక తలపట్టుకుంటారు.

మన దగ్గర మాత్రమే పుట్టే నకళ్లు కూడా ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు చేరి 33 అయ్యాయి. దాంతో చాలామంది డేటాను ‘పాత జిల్లాల వారీ’, ‘కొత్త జిల్లాల వారీ’ అని రెండు పూర్తి కట్టలుగా పెట్టుకున్నారు. తప్పు దొరికితే ఒకదాంట్లో దిద్దుతారు, రెండోది అలాగే ఉంటుంది. దిద్దిన నెలకే రెండు కట్టలకూ పొంతన పోతుంది. ఉండాల్సింది ఒకే కట్ట, ప్రతి ఊరికీ 2011 జనాభా లెక్కల గ్రామ కోడు. పక్కన ఒక చిన్న పట్టిక: ఈ కోడు పాత మహబూబ్‌నగర్‌లో ఉండేది, ఇప్పుడు వనపర్తి, ఇది కొడంగల్ వైపుది, ఇప్పుడు వికారాబాద్. జిల్లా పేరు పట్టికలోంచి వస్తుంది, డేటా కదలదు.

తెలుగు పేర్లున్న పట్టికను ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకోండి, తెరిచి చూశాకే పాతది తీసేయండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత అధ్యాయాలు, ప్రశ్నావళులు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, పొల్లులు, వత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి చదివి, అప్పుడు చెరపండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘సార్ కరెక్షన్ తర్వాత ఫైనల్’ అన్న ఫైళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది. పేరు మొదట్లో సంవత్సరం, నెల, తేదీ వరుసగా పెట్టండి, అవే సర్దుకుంటాయి. గైడ్‌కు పంపిన కాపీ ఒకటి, గైడ్ దిద్ది ఇచ్చిన కాపీ ఒకటి ఉంటే చాలు, మధ్యలోవన్నీ పొల్లే.

ఇక చెరిపే పద్ధతి. తొందరపడితే ఉన్నదీ పోతుంది. ఒకే పేరున్న ఫైళ్లు ఒకటే అనుకోవద్దు, వేర్వేరు పేర్లున్నవి వేరే అనీ అనుకోవద్దు. ఎస్‌హెచ్‌ఏ-256 విలువ చూడండి. ఫైలు ఎంత పెద్దదైనా దానికి 64 అక్షరాల ముద్ర వస్తుంది, ఒక్క బైటు మారినా ముద్ర మొత్తం మారుతుంది. ముద్రలు కలిసినవే నకళ్లు. నకళ్లు వెతికే ప్రోగ్రాముల్లో ‘దాదాపు ఒకేలా ఉన్న చిత్రాలు’ అనే ఏర్పాటు ఉంటుంది, దాన్ని పరిశోధన ఫోల్డర్ల మీద వాడొద్దు. ఒకే ప్లేటులో 24 గంటల బాక్టీరియా, 48 గంటల బాక్టీరియా దానికి ఒకేలా కనిపిస్తాయి. తీసేయాలనుకున్నవన్నీ ‘తీసివేతకు’ అన్న ఫోల్డరులో నెల రోజులు ఉంచండి. ఆ నెలలో ఎవరూ వాటిని వెతకకపోతే ఖాళీ చేయండి. చేసేముందు ఒక రిజిస్టరులో ఫోల్డరు పేరు, ఎన్ని ఫైళ్లు, ఎన్ని గిగాబైట్లు, ఎందుకు, ఏ తేదీ అని రాసి గైడ్ సంతకం తీసుకోండి. ఏదైనా ఫైలు లేదని తర్వాత ఎవరైనా వేలెత్తి చూపితే ఆ వరుసే మీ జవాబు.

నకలు వేరు, బ్యాకప్ వేరు. అసలు డేటాకు మూడు కాపీలు ఉండాల్సిందే: రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లోనో వేరే భవనంలోనో. డ్రైవ్‌తో సింక్ అయ్యే ఫోల్డరును బ్యాకప్ లెక్కలో వేసుకోకండి. ల్యాప్‌టాప్‌లో చెరిపితే అక్కడా చెరుగుతుంది, చెత్తబుట్టలో 30 రోజులుండి వెళ్లిపోతుంది. ఎక్కడ ఉన్నాయో తెలిసి పెట్టుకున్న మూడు కాపీలు బ్యాకప్. ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియని పదకొండు కాపీలు చెత్త.

గైడ్లను, అధికారులను మేం అడిగేవి ఇవి.

రిజిస్ట్రేషన్ నాడే స్కాలరు నుంచి ఒక్క పేజీ తీసుకోండి. ఏం సేకరిస్తారు, ఏ ఫార్మాట్‌లో, ఉజ్జాయింపుగా ఎంత, అందులో ఏది ఏ మెట్టు తర్వాత తీసేస్తారు, ఏది చివరిదాకా ఉంచుతారు. ఆరు నెలలకోసారి ప్రగతి నివేదికతో పాటు అదే పేజీని దిద్ది ఇవ్వమనండి. పది పేజీల నమూనా పత్రం పెడితే ఎవరో ఒకరు ఇంకొకరిది కాపీ చేసి ఇస్తారు, ఒక్క పేజీయే మేలు.

సబ్మిషన్ నాడు ‘డేటా అంతా డిస్కులో ఇవ్వండి’ అనే నిబంధన ఉన్న చోట దాన్ని మార్చండి. అంతా అంటే అంతా తెచ్చి ఇస్తారు, ఆ డిస్కు ఎవరూ తెరవరు. దాని బదులు థీసిస్‌లోని ప్రతి పట్టికకు, ప్రతి బొమ్మకు ఒక్కో వరుస చొప్పున జాబితా అడగండి: ఏ ఫైలు నుంచి వచ్చింది, ఏ లెక్కతో. ఆ జాబితాలోని ఫైళ్లు, ఒక వివరణ పత్రం, ముద్రల పట్టిక మాత్రం తీసుకోండి. మూడు పట్టికలు ఎంచుకుని అక్కడికక్కడే తెరిపించండి.

అందరూ వాడే డేటాను ఒక్కచోట ఉంచండి. వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గళ్ల వర్షపాతం 1901 నుంచి ఉంది. ఏడాదికి 25 మెగాబైట్లు, మొత్తం మూడు గిగాబైట్ల పైచిలుకు. దాన్ని ప్రతి విభాగంలో ప్రతి స్కాలరూ విడివిడిగా దించుకోవడం ఎందుకు? లైబ్రరీ సర్వరులో ఒక కాపీ, పక్కనే దించిన తేదీ. భూగర్భ జల మట్టాలు, గ్రామ సరిహద్దుల పటాలు, పైన చెప్పిన కోడుల పట్టిక కూడా అక్కడే ఉండాలి.

చివరిగా ఖాతాల సంగతి. సొంత గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చేది 15 గిగాబైట్లు, అందులోనే మెయిలు, డ్రైవ్, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్ వాట్సాప్ బ్యాకప్పూ. నిండితే మెయిలు రావడం ఆగిపోతుంది. ఎగ్జామినర్ రిపోర్టు వచ్చే వారంలోనే అది నిండితే ఏమవుతుందో ఆలోచించండి. రెండేళ్లు ముట్టని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. సంస్థ ఇచ్చిన ఖాతాలైతే స్కాలరు వెళ్లిపోయాక మూస్తారు. కాబట్టి నో డ్యూస్ సర్టిఫికెట్ మీద లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్ సంతకాల పక్కన ఇంకో గడి చేర్చండి: ‘డేటా గైడ్‌కు అప్పగించారు, జాబితా సరిచూశాం’. ఈ విద్యా సంవత్సరం రిజిస్ట్రేషన్ల నాటికి ఆ గడి, ఆ ఒక్క పేజీ వస్తే మిగతావాటికి కావలసిన నమూనాలు మేం తయారు చేసి ఇస్తాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పరిశోధన డేటాతో పనిచేసే కొందరు లైబ్రేరియన్లు, ల్యాబ్ సిబ్బంది, విశ్లేషకులు